రెండు పలుగురాళ్ల తేడా

మర్రిగూడ దాటినంక రోడ్డు మొరం అయితది.
మా బడి ఆ మొరం మీదనే.
తొమ్మిదో తరగతిల ఇరవై ఆరుగురు,
ల్యాబుల ఒక్కటే బీకరు, దానికీ మూతి పగిలింది.

అందుకే ఆ దినం చెప్పిన:
చింతగింజ ప్రోటాను,
జొన్నగింజ ఎలక్ట్రాను,
చేను గట్టు కాడ దొరికే తెల్ల పలుగురాయి న్యూట్రాను.
వరండల సుద్దతోటి గీతలు గీసినం,
నడుమ కేంద్రకం, సుట్టూ కక్ష్యలు.

ఇస్తారి కార్బన్ చేసిండు, ఆరు ఆరు ఆరు,
బువ్వ వడ్డించినంత సులువుగ.
లింగస్వామికి సోడియం ఇస్తే
పదకొండో జొన్నగింజ బయటి గీత మీద ఒక్కతే కూసుంది.
"ఎప్పుడు ఎల్లిపోదామా అని సూస్తున్నట్టుంది సార్" అన్నడు.
పుస్తకంల దానికి వేలెన్సీ అని పేరు.
వాని మాటే బాగుంది.

ఇంతల కోడి ఒకటి వచ్చి
నియాన్‌ల రెండు ఎలక్ట్రాన్లు ముక్కున పెట్టుకోని ఉరికింది.
నవ్వి నవ్వి మళ్ల మొదటికెల్లి లెక్కవెట్టినం.

అండాలుకు నేను ఫ్లోరిన్ ఇయ్యలే.
ఎవ్వరికీ ఇయ్యొద్దనే అనుకున్న.
ఈ దిక్కు పిల్లలకు ఆ పేరు
మూలకాల పట్టికలకెల్లి రాలే,
బోరింగుకు పూసిన ఎర్రరంగులకెల్లి వచ్చింది.
తనే అడిగి తీసుకుంది.

తొమ్మిది గింజలు. పది రాళ్లు. తొమ్మిది జొన్నలు.
"నీళ్లల్ల ఉండేది ఇట్లనే ఉంటదా సార్?"
"లేదు, ఇంకొకటి గుంజుకుంటది. పది జొన్నలు."
"ఎవలిది గుంజుకుంటది?"
"దొరికినోళ్లది."
"మరి ఎముకలకెట్ల వోతది? తలుపు తీసేదెవరు?"

సిలబస్ అవతలి ప్రశ్న. అయినా చెప్పిన.
ఎముక గూట్లె ఒక పీట ఉంటది,
హైడ్రాక్సైడ్ కూసునే పీట.
ఆక్సిజన్ ఒకటి, హైడ్రోజన్ ఒకటి,
మీదికెల్లి అప్పు తెచ్చిన ఎలక్ట్రాను ఒకటి.

అండాలు పక్కకు జరిగి అది కూడ పేర్చింది.
ఎనిమిది గింజలు, ఎన్క ఒకటి. తొమ్మిది.
ఎనిమిది జొన్నలు, ఒకటి, అప్పుది ఒకటి. పది.
అటు సూసింది, ఇటు సూసింది.
అటూ తొమ్మిది, పది.
ఇటూ తొమ్మిది, పది.
రాళ్లే, ఇక్కడ ఎనిమిది, అక్కడ పది.

పదహారేండ్ల సంది చెప్తున్న ఈ పాఠం.
ఒక్కనాడు కూడ ఆ రెండిటిని
పక్కపక్కన పెట్టి సూడలే నేను.

"ఎముక రాళ్లు లెక్కవెట్టదా సార్?"
"పెట్టదు బిడ్డా. న్యూట్రాను ఎవలితోని మాట్లాడదు."
"అట్లయితే మా నాయనమ్మ మోకాళ్లు
లెక్క సరిగనే చేసినయి సార్."

ఎవ్వరు నవ్వలే.
బుగ్గమ్మను ఊరంతా ఎరుగుదురు:
ఎన్కకెల్లి పిలిస్తే మెడ తిరగదు,
మనిషి మనిషే తిరగాలె,
కట్టె పట్టుకోని, అడుగు అడుగు మెల్లగ.

అన్నం గంట కొట్టిన్రు.
పిల్లలు ప్లేట్లు పట్టుకోని నల్లా కాడికి ఉరికిన్రు,
ఇప్పుడు కృష్ణ నీళ్లే వస్తున్నయి, తియ్యగ ఉంటయి.
ఆ నల్లా రాకముందటి నీళ్లు మాత్రం
తాగినోళ్ల దగ్గరనే ఉన్నయి.
వరండల గీతలు తొక్కుడు వడ్డయి,
కోడి మళ్ల వచ్చింది, పిల్లలను ఏసుకోని.

పరీక్షల రెండు మార్కులకు అడిగిన:
ఫ్లోరిన్ పరమాణు సంఖ్య 9, ద్రవ్యరాశి సంఖ్య 19,
న్యూట్రాన్లు ఎన్ని?
ఇరవై ఒక్కరు పది అని రాసిన్రు.
అండాలు పది రాసి, దాని కింద చిన్న అక్షరాలల్ల
"హైడ్రాక్సైడ్‌ల ఎనిమిది. తేడా రెండు.
ఎముకకు తెల్వదు."

రెండు మార్కులు వేసిన.
ఎర్ర పెన్ను మూత పెట్టకుంట చానసేపు కూసున్న.

రాత్రి అంగీ ఇడుస్తుంటే
జేబులకెల్లి ఒక పలుగురాయి రాలింది.
ఏ పరమాణువుదో
ఎంత ఆలోచించినా యాదికి రాలే.